లక్ష్మణరావు కిర్లోస్కర్: చిత్రకారుడు కాలేకపోయిన కుర్రాడు ఇనుప నాగలి దాకా ఎలా వెళ్లాడు?

బావి మీద డీజిల్ ఇంజిన్ పెట్టి పొలానికి నీళ్లు తోడిన తరానికి కిర్లోస్కర్ అన్న పేరు కొత్త కాదు. తెలుగు పల్లెల్లో పంపు మీద, మోటారు మీద, ఇంజిన్ మీద ఆ పేరు చూసి పెరిగినవాళ్లు చాలామందే ఉన్నారు. అది ఒక కుటుంబం ఇంటిపేరని, ఆ వ్యాపారానికి పునాది వేసిన మనిషి అసలు బొమ్మలు వేయడం నేర్చుకుందామని బొంబాయి వెళ్లాడని తెలిసినవాళ్లు మాత్రం తక్కువ.

ఆయన పేరు లక్ష్మణరావు కాశీనాథ్ కిర్లోస్కర్. పుట్టింది 1869లో, కన్నుమూసింది 1956లో. ఈ 87 ఏళ్లలో ఆయన చిత్రకళా విద్యార్థిగా, డ్రాయింగ్ మాస్టారుగా, సైకిళ్ల వ్యాపారిగా, నాగళ్ల తయారీదారుగా, చివరికి ఒక పారిశ్రామిక గ్రామాన్ని నిర్మించిన వ్యక్తిగా మారుతూ వచ్చారు. వీటిలో చాలా మార్పులు ఆయన కోరుకుని చేసుకున్నవి కావు. ఉన్న దారి మూసుకుపోయినప్పుడు వెతుక్కున్నవి.

ఆ జీవితాన్ని ఇప్పుడు తిరిగి చదవడానికి కారణం ఉంది. ప్రపంచ ఆర్థిక వేదిక 2025 జనవరిలో విడుదల చేసిన ఉద్యోగాల భవిష్యత్తు నివేదిక, ఉద్యోగులకు ఇప్పుడున్న ప్రధాన నైపుణ్యాల్లో 39 శాతం 2030 నాటికి మారిపోవడమో, పాతబడిపోవడమో జరుగుతుందని అంచనా వేసింది. కంపెనీలు అత్యంత అవసరమని చెప్పిన వాటిలో విశ్లేషణా శక్తి మొదటి స్థానంలో ఉంది. ఎదురుదెబ్బ తట్టుకుని, పరిస్థితిని బట్టి మారగలగడం దాని తర్వాతి స్థానంలో ఉంది. ఈ మాటలు వినడానికి బాగానే ఉంటాయి. కానీ చదివిన చదువు పనికి రాకుండా పోయినప్పుడు ఇరవై ఏళ్ల కుర్రాడు నిజంగా ఏం చేయాలన్నది నివేదికల్లో కనిపించదు. లక్ష్మణరావు జీవితంలో కనిపిస్తుంది.

రంగులు మోసం చేశాయి

లక్ష్మణరావు 1869 జూన్ 20న బెల్గాం జిల్లాలోని గుర్ల్‌హోసూర్‌లో పుట్టారు. బెల్గాం అప్పట్లో బొంబాయి ప్రెసిడెన్సీలో భాగం, ఇప్పుడు కర్ణాటకలోని బెళగావి. తండ్రి వేదాంత పండితుడు. కొడుక్కి బడి చదువు మీద మనసు లేదు. బొమ్మలు గీయడం, యంత్రాలు ఎలా పనిచేస్తాయో చూడటం ఆయనకు ఇష్టం. అవి అన్నం పెట్టే విద్యలని ఆ రోజుల్లో ఎవరూ అనుకునేవారు కాదు. తండ్రికీ నచ్చలేదు. పెద్దన్న రామూఅన్న మాత్రం తమ్ముడి పక్షాన నిలబడి, డబ్బు సాయం చేసి చదివించాడు. అలా 1885లో, 16 ఏళ్ల వయసులో, లక్ష్మణరావు బొంబాయిలోని జేజే స్కూల్ ఆఫ్ ఆర్ట్‌లో చేరారు.

రెండేళ్లు గడిచాక అసలు సమస్య బయటపడింది. ఆయనకు పాక్షికంగా వర్ణాంధత్వం ఉంది. కొన్ని రంగుల మధ్య తేడా కంటికి తెలియదు. చిత్రకారుడు కావాలనుకున్న వాడికి ఇంతకంటే పెద్ద దెబ్బ ఉండదు. సాధనతో పోయే లోపం కాదు, మందుతో తగ్గే జబ్బూ కాదు.

అయితే ఆ రెండేళ్లలో నేర్చినదంతా వృథా కాలేదు. రంగులతో పని లేని డ్రాయింగ్ ఒకటి ఉంది. అది యాంత్రిక చిత్రలేఖనం. ఒక యంత్రభాగాన్ని పై నుంచి చూస్తే ఎలా ఉంటుంది, ముందు నుంచి ఎలా ఉంటుంది, మధ్యకు కోస్తే లోపల ఎలా ఉంటుంది అన్నది గీతలతో, కొలతలతో కాగితం మీద పెట్టే విద్య. మూస కట్టేవాడు, లేత్ మీద పనిచేసేవాడు, భాగాలు బిగించేవాడు ఒకరినొకరు చూడకపోయినా ఆ కాగితాన్ని చూసి ఒకే వస్తువును తయారు చేయగలరు. నలుపు తెలుపు గీతల ఆ పనికి లక్ష్మణరావు కళ్లు అడ్డు రాలేదు. చేయి అప్పటికే తిరిగింది. ఆయన దాన్నే పట్టుకున్నారు.

కాలం కూడా కలిసొచ్చింది. బొంబాయిలో నూలు మిల్లులు మొదలై అప్పటికి 30 ఏళ్లు దాటింది. యంత్రాలు ఇంగ్లండ్ నుంచి వచ్చేవి. వాటిని నడిపే, బాగుచేసే మనుషులు ఇక్కడ కావాలి. విక్టోరియా రాణి పాలనకు 50 ఏళ్లు నిండిన సందర్భంగా 1887లో ఏర్పాటైన విక్టోరియా జూబిలీ టెక్నికల్ ఇన్‌స్టిట్యూట్ అలాంటి వారిని తయారు చేసే పని మొదలుపెట్టింది. లక్ష్మణరావుకు అక్కడ యాంత్రిక డ్రాయింగ్ బోధించే సహాయ ఉపాధ్యాయుడి ఉద్యోగం దొరికింది.

పాఠం చెబుతూ నేర్చుకున్న మాస్టారు

ఉద్యోగం డ్రాయింగ్ చెప్పడం వరకే. కానీ ఆ సంస్థలో వర్క్‌షాపు ఉంది, యంత్రాలు ఉన్నాయి. బోర్డు మీద గీసే భాగం నిజంగా ఎలా తిరుగుతుందో, ఎక్కడ అరుగుతుందో చూసే వీలు ఉంది. లక్ష్మణరావు ఆ వీలును వదులుకోలేదు. యంత్రాలు విప్పి, బిగించి, నడిపి చూశారు. ఇంజినీరింగ్ డిగ్రీ లేని ఆయనకు ఇంజినీరింగ్ అబ్బింది ఇలాగే. అమెరికా నుంచి వచ్చే సాంకేతిక పత్రికలు తెప్పించుకుని చదవడం కూడా ఆయనకు అలవాటైంది. అక్కడ ఏ కొత్త యంత్రం వచ్చిందో, దాన్ని ఎలా తయారు చేశారో వాటి నుంచే తెలిసేది.

1888లో అన్నదమ్ములిద్దరూ కలిసి బెల్గాంలో సైకిళ్ల దుకాణం తెరిచారు. గాలి నింపే టైరుకు బ్రిటన్‌లో డన్‌లప్ పేటెంట్ తీసుకున్నదీ ఆ ఏడాదే. అంటే సైకిల్ అప్పటికి పూర్తిగా కొత్త వస్తువు. లక్ష్మణరావు బొంబాయిలో సైకిళ్లు కొని పంపేవారు. రామూఅన్న బెల్గాంలో అమ్మేవారు. సైకిల్ కొన్న వ్యక్తికి తొక్కడం రాదు కాబట్టి రుసుము తీసుకుని అదీ నేర్పేవారు. పాడైతే బాగుచేసేవారు.

కొత్త వస్తువును అమ్మాలంటే దాన్ని వాడటం కూడా నేర్పాలి, చెడిపోతే చూసే మనిషి దగ్గరలో ఉండాలి. ఈ అవగాహన అన్నదమ్ములకు సైకిళ్ల దగ్గర కలిగింది. తర్వాత నాగళ్ల వ్యాపారంలో అది అడుగడుగునా పనికొచ్చింది.

పదోన్నతి రాలేదు, ఉద్యోగం వదిలేశారు

బొంబాయి ఉద్యోగంలో లక్ష్మణరావుకు పదోన్నతి రావాల్సిన సమయం వచ్చింది. ఆ స్థానం ఒక ఆంగ్లో ఇండియన్‌కు దక్కింది. వలస పాలనలో ఇది అరుదైన విషయమేమీ కాదు. పని ఎంత వచ్చినా ఒక మెట్టు దాటాక చర్మం రంగు, పుట్టుక లెక్కలోకి వచ్చేవి. నైపుణ్యం ఉంటే చాలు అన్నీ అవే వస్తాయన్న మాట ఎంతవరకు నిజమో ఆయన స్వయంగా చూశారు. రాజీనామా చేసి బెల్గాం వచ్చేశారు.

సైకిళ్లు అమ్మడం, బాగుచేయడంతో ఆయన ఆగలేదు. సొంతంగా వస్తువు తయారు చేయాలనుకున్నారు. మొదట ఎంచుకున్నది పశువులకు చొప్ప కత్తిరించే యంత్రం. తర్వాత ఇనుప నాగలి. చుట్టూ ఉన్నది వ్యవసాయ ప్రాంతం. ఇనుప నాగళ్లు అప్పటికి విదేశాల నుంచి దిగుమతయ్యేవి. వాటిని చూసి, కొలిచి, డ్రాయింగ్ గీసి, ఇనుము పోత పోసి ఇక్కడే తయారు చేయవచ్చని ఆయన లెక్క.

నాగళ్లు తయారయ్యాయి. కొనేవాళ్లు రాలేదు. ఇనుము తగిలితే భూమి విషమైపోతుందని రైతులు నమ్మేవారు. మొదటి నాగలి అమ్ముడుపోవడానికి రెండేళ్లు పట్టింది.

దీన్ని రైతుల మూఢనమ్మకం కథగానే చెబుతుంటారు. కానీ రైతు వైపు నుంచి చూస్తే జంకడానికి వేరే కారణాలూ కనిపిస్తాయి. కర్ర నాగలిని ఊరి వడ్రంగి చేసిచ్చేవాడు. దానికి పంట ఇంటికొచ్చాక గింజలు కొలిచేవారు. తెలుగు పల్లెల్లోని ఆయగాళ్ల పద్ధతి లాంటిదే మహారాష్ట్రలోని బలుతే పద్ధతి. ఇనుప నాగలికి చేతిలో నగదు ఉండాలి. బరువైన నాగలి లాగగల ఎద్దులు ఉండాలి. కర్రు అరిగితే, ఒక భాగం విరిగితే మళ్లీ ఎక్కడ దొరుకుతుందో తెలియాలి. ఒక్క పంట పోతే అప్పులపాలయ్యే రైతు, ఎవరూ వాడని పనిముట్టును ముందుగా తాను కొని ప్రయోగం చేయడానికి వెనకాడటం అర్థం చేసుకోవాల్సిన విషయమే.

లోతుగా దున్నితే ఏం లాభమో రైతు కళ్లారా చూస్తే తప్ప అమ్మకం జరగదు. కాగితం మీద కొలతలు తెలిసిన డ్రాయింగ్ మాస్టారికి ఈ దశలో కావాల్సింది వేరే విద్య. ఎదుటివాడి భయం ఏమిటో తెలుసుకోవడం, ఓపిక పట్టడం, నమ్మకం కలిగించడం ఏ సాంకేతిక పాఠశాలలోనూ చెప్పని పాఠాలు. అవి రావడానికి ఆ రెండేళ్లు పట్టాయి.

బ్రహ్మజెముడు, నాగుపాముల మధ్య

వ్యాపారం కుదుటపడుతున్న సమయంలో బెల్గాం పురపాలక సంఘం నుంచి ఇబ్బంది మొదలైంది. కర్మాగారం ఉన్న స్థలం ఖాళీ చేయాల్సి వచ్చింది. అప్పటికి లక్ష్మణరావు వయసు 40. యంత్రాలు, కొలిమి, పనివాళ్లు, కుటుంబం అన్నింటితో కొత్త చోటు వెతుక్కోవాలి.

ఆదుకున్నది ఔంధ్ అనే చిన్న సంస్థానం పాలకుడు భవానరావు పంత్ ప్రతినిధి. బాలాసాహెబ్‌గా ప్రసిద్ధుడు. 1909లోనే గద్దెనెక్కారు. ఆయన స్వయంగా చిత్రకారుడు, సూర్యనమస్కారాలను ప్రచారం చేసిన వ్యక్తి. సంస్థానం పరిధిలో, కుండల్ రోడ్ రైల్వే స్టేషన్ దగ్గర 32 ఎకరాల బీడు భూమి ఇచ్చారు. 10 వేల రూపాయలు అప్పుగా ఇచ్చారు. 1910లో అక్కడ కిర్లోస్కర్‌వాడి మొదలైంది. ఇప్పుడది మహారాష్ట్రలోని సాంగ్లీ జిల్లాలో ఉంది.

ఆ నేల నిండా బ్రహ్మజెముడు డొంకలు, నాగుపాములు. నీటి వసతి లేదు. దాదాపు 25 మంది పనివాళ్లు తమ కుటుంబాలతో వచ్చారు. డొంకలు నరికి, ఇళ్లు కట్టి, కొలిమి రాజేశారు. ఊరి నిర్మాణం బాధ్యత రామూఅన్న చూసుకున్నారు. రైలు మార్గం పక్కనే ఉండటం పెద్ద వెసులుబాటు. ఇనుము దిగేదీ, నాగళ్లు బయటికి వెళ్లేదీ ఆ స్టేషన్ నుంచే. చాలా కాలం తర్వాత లక్ష్మణరావు కొడుకు శంతనురావు రాసిన ఆత్మకథ పేరులోనూ ఆ బ్రహ్మజెముడు చోటు సంపాదించుకుంది.

సర్టిఫికెట్ చూడకుండా ఇచ్చిన పని

కిర్లోస్కర్‌వాడిలో లక్ష్మణరావు తన చుట్టూ చేర్చుకున్న మనుషులను చూస్తే ఆయన నైపుణ్యాన్ని ఎలా కొలిచేవారో తెలుస్తుంది. అనంతరావు ఫళ్ణీకర్ బడి మధ్యలో మానేసిన వ్యక్తి, కానీ కొత్త యంత్రాన్ని ఊహించి రూపం ఇవ్వగల సమర్థుడు. కేకే కులకర్ణి చదువులో నెగ్గలేకపోయారు, ఏ బాధ్యత అప్పగించినా నిర్వహించగల మేనేజర్ అయ్యారు. మంగేశ్‌రావు రేగే గుమాస్తాగా లెక్కలు చూశారు. శంభూరావు జంభేకర్ ఇంజినీరు పని నుంచి నిర్వహణ దాకా అనేక బాధ్యతలు మోశారు.

జైలుకు వెళ్లి వచ్చినవారికి రాత్రి కాపలా పని అప్పగించారు. ఊళ్లో అంటరానితనం పాటించకూడదన్నది నియమం. 1910 నాటి దక్కన్ ప్రాంతంలో ఒక బ్రాహ్మణ కుటుంబం నడిపే చోట ఇది చిన్న విషయం కాదు. పుట్టుక వల్ల పని నేర్చుకునే అవకాశమే లేకుండా పోయే సమాజంలో, ఆ గోడను కొంతైనా తొలగించకుండా కొత్త పరిశ్రమకు కావాల్సిన మనుషులు దొరకరు.

ఆ తర్వాత మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది. దిగుమతులు తగ్గడంతో ఇక్కడి నాగళ్లకు గిరాకీ పెరిగింది. అదే సమయంలో ఇనుముకు, బొగ్గుకు కరువొచ్చింది. ముడి ఇనుము దొరకనప్పుడు కొల్హాపూర్ పాలకుడు శాహూ మహారాజ్ తన దగ్గర వృథాగా పడి ఉన్న పాత ఫిరంగులను ఇచ్చారు. వాటిని కరిగించి నాగళ్లు పోత పోశారు. కొలిమి ఆగకుండా ఉండటానికి రాతి బొగ్గు బదులు కట్టె బొగ్గుతో పని నడిపించారు. ఏ సరుకు దొరికితే దానికి తగ్గట్టు పద్ధతి మార్చుకోవడం అక్కడ రోజువారీ పనిలో భాగమైపోయింది.

చదువుల మీద ద్వేషం లేదు

1920లో కిర్లోస్కర్ బ్రదర్స్ లిమిటెడ్ కంపెనీగా ఏర్పడింది. ఆ ఏడాదే లక్ష్మణరావు అన్న కొడుకు శంకర్‌రావు సంపాదకుడిగా ఒక పత్రిక మొదలైంది. కంపెనీ సమాచారం రైతులకు చేరవేయడానికి పుట్టిన ఆ పత్రిక, కాలక్రమంలో మరాఠీ మధ్యతరగతి చదివే ప్రముఖ మాసపత్రిక కిర్లోస్కర్‌గా మారింది. స్త్రీ, మనోహర్ పత్రికలు కూడా అక్కడి నుంచే వచ్చాయి.

డిగ్రీ లేకుండా పైకొచ్చిన వారి కథలు చెప్పేటప్పుడు కాలేజీ చదువు దండగ అన్న ముగింపు ఇవ్వడం తరచూ జరుగుతుంది. లక్ష్మణరావు అలా అనుకోలేదు. కొడుకు శంతనురావును అమెరికాలోని మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీకి పంపారు. ఆయన 1926లో మెకానికల్ ఇంజినీరింగ్ పూర్తి చేసి తిరిగొచ్చారు. తండ్రి చూసి, విప్పి, గీసి నేర్చినదానికి కొడుకు గణితం, పదార్థశాస్త్రం తోడు చేశారు. నాగలి చేయడానికి అనుభవం సరిపోయింది. డీజిల్ ఇంజిన్, విద్యుత్ మోటారు, మెషిన్ టూల్స్ చేయడానికి అది ఒక్కటే చాలదు. ఆ తేడా లక్ష్మణరావుకు తెలుసు.

నాగలి మీదే ఆధారపడి ఉంటే కిర్లోస్కర్ పేరు బహుశా అక్కడితో ముగిసేది. నాగలి తర్వాత చెరకు గానుగలు, వేరుశనగ కాయలు ఒలిచే యంత్రాలు, పంపులు, ఇంజిన్లు, లేత్ మిషన్లు వచ్చాయి. 1941లో మైసూరు సంస్థానంలోని హరిహర్‌లో మెషిన్ టూల్స్ కోసం మైసూర్ కిర్లోస్కర్ మొదలైంది. 1946లో పుణెలో ఆయిల్ ఇంజిన్ల కంపెనీ, బెంగళూరులో విద్యుత్ మోటార్ల కంపెనీ ఏర్పడ్డాయి. తెలుగు రైతు బావి దగ్గరికి వచ్చిన ఇంజిన్ వెనక ఉన్నది ఈ వరుస.

తగలబడిన కర్మాగారం

1948 జనవరి 30న గాంధీ హత్య జరిగింది. హంతకుడు నాథూరాం గాడ్సే మహారాష్ట్ర బ్రాహ్మణుడు కావడంతో ఆ ప్రాంతంలో బ్రాహ్మణుల ఇళ్ల మీద, వ్యాపారాల మీద దాడులు జరిగాయి. కిర్లోస్కర్‌వాడి కర్మాగారానికీ నిప్పు పెట్టారు. అప్పటికి లక్ష్మణరావుకు 78 ఏళ్లు. నాలుగు దశాబ్దాల శ్రమలో చాలా భాగం బూడిదైంది.

కర్మాగారాన్ని మళ్లీ కట్టారు. కాలిపోయినవి భవనాలు, యంత్రాలు, నమూనాలు. వాటిని మళ్లీ ఎలా చేయాలో తెలిసిన మనుషులు మిగిలారు. పని తిరిగి మొదలుకావడానికి అదే ఆధారమైంది. లక్ష్మణరావు 1956 సెప్టెంబర్ 26న మరణించారు. 1969లో శతజయంతి సందర్భంగా భారత ప్రభుత్వం ఆయన పేరిట తపాలా బిళ్ల విడుదల చేసింది. కిర్లోస్కర్‌వాడిలో ఇప్పటికీ పంపులు తయారవుతున్నాయి.

ఈ జీవితం ఇప్పుడు ఏం చెబుతోంది?

లక్ష్మణరావు చేసిన పనులన్నింటిలో కొనసాగుతూ వచ్చిన విద్య డ్రాయింగ్. ఉపాధ్యాయుడి ఉద్యోగం దానితో వచ్చింది, నాగలి నమూనా దానితోనే తయారైంది. ఒక పునాది విద్యను చేతికి అబ్బేదాకా నేర్చుకుంటే, పైన కట్టే అంతస్తు మార్చుకోవడం తేలికవుతుంది. ఏ సాఫ్ట్‌వేర్‌కు గిరాకీ ఉంటే ఆ మూడు నెలల కోర్సు వెంట పరుగెత్తే విద్యార్థులకు ఇది పనికొచ్చే విషయం. నేటి లెక్కలో ఆ పునాది గణితం కావచ్చు, స్పష్టంగా రాయగలగడం కావచ్చు, ఒక సమస్యను భాగాలుగా విడదీసి చూడటం కావచ్చు. కృత్రిమ మేధ కోడ్ రాసిపెట్టే రోజుల్లో, ఆ కోడ్ సరైనదో కాదో తేల్చగలిగేది ఆ పునాది ఉన్నవారే.

రెండోది, చేసిన వస్తువును వాడే మనిషి దాకా తీసుకెళ్లగలగడం. సైకిల్ తొక్కడం నేర్పడం, నాగలిని రైతు చేత నమ్మించడం లక్ష్మణరావు సోదరుల వ్యాపారంలో పక్క పనులు కావు. ఎదుటివారి పరిస్థితి అర్థం చేసుకుని వారి భాషలో చెప్పగల నేర్పు ఏ యంత్రం వచ్చినా అవసరమయ్యేదే.

అయితే ఈ కథను వ్యక్తి పట్టుదల కథగా మాత్రమే చెబితే సగం చెప్పినట్టే. లక్ష్మణరావుకు అక్షరాలు తెలిసిన కుటుంబం ఉంది. డ్రాయింగ్ నేర్చుకోవడానికి జేజే స్కూల్, యంత్రాలు చూడటానికి టెక్నికల్ ఇన్‌స్టిట్యూట్ ఉన్నాయి. రెండేళ్లు ఒక్క నాగలి కూడా అమ్ముడుపోకపోయినా ఇల్లు గడిచే ఏర్పాటు ఉంది. స్థలం పోతే 32 ఎకరాలిచ్చిన పాలకుడు దొరికాడు. అదే కాలంలో అంతే చురుకైన ఎంతోమంది కంసాలి, కమ్మరి, చర్మకార కుటుంబాల పిల్లలకు వీటిలో ఒక్కటీ లేదు. వాళ్ల పేర్లు చరిత్రలో లేకపోవడానికి నైపుణ్యం లేకపోవడం కారణం కాదు.

నైపుణ్యాలు మార్చుకోండి, ఎప్పటికప్పుడు కొత్తవి నేర్చుకోండి అని యువతకు చెప్పడం ఇప్పుడు ప్రభుత్వాలకు, కంపెనీలకు అలవాటైంది. మార్చుకోవడానికి సమయం పడుతుంది. ఆ సమయంలో ఇంటి అద్దె, ఫీజు, తిండి ఖర్చు ఎవరో ఒకరు భరించాలి. ఇంజినీరింగ్ పూర్తి చేసి ఉద్యోగం కోసం హైదరాబాద్ అమీర్‌పేట హాస్టల్ గదిలో కోర్సు నేర్చుకునే కుర్రాడికి ఆ ఖర్చు మోసేది ఊళ్లో ఉన్న తల్లిదండ్రులే, చాలాసార్లు అప్పు చేసి. మొదటి ప్రయత్నం విఫలమైతే రెండోదానికి డబ్బు ఉండదు. అప్రెంటిస్‌షిప్‌లో ఇచ్చే భృతి, పాలిటెక్నిక్‌లలో నిజంగా పనిచేసే వర్క్‌షాపులు, చిన్న పరిశ్రమకు దొరికే అప్పు, పని మారే మధ్యకాలంలో ఆసరా వంటివి నైపుణ్యాల చర్చలో చివర రావాల్సిన విషయాలు కావు.

1887 ప్రాంతంలో రంగులు కనిపించని 18 ఏళ్ల విద్యార్థికి డబ్బు పంపడం మానకుండా, అతడు దారి మార్చుకునేదాకా ఆగినవాడు ఒక అన్న. అలాంటి అన్న లేని పిల్లలకు ఆ పని చేయాల్సింది ప్రభుత్వాలే.